గిన్నెల చప్పుడుకు గుండె ఝల్లు: సునామీ జ్ఞాపకం, మెదడు, చికిత్స

అండమాన్, నికోబార్ దీవుల్లో 2011 జనగణన నాటికి ప్రతి 100 మందిలో 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకో, కూలి పనులకో, ఉద్యోగాలకో వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు వీటిలో చాలా ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్ పేటలో అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. (పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఇక్కడ చెప్పబోయేదాంట్లో చాలా భాగం 2004 నాటిది కాబట్టి పాత పేరే వాడుతున్నాను.)

ఆ ఇంట్లో ముప్పయ్యేళ్లకు దగ్గరపడిన ఒక తల్లి ఉంది. సునామీ వచ్చినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. ఆ ఉదయం ఆమెకు మెలకువ వచ్చింది సముద్రపు హోరుకు కాదు, వంటింటి గూట్లోంచి స్టీలు గిన్నెలు దడదడా కిందపడిన చప్పుడుకు. ఇప్పటికీ రోడ్డు మీద బరువైన లారీ వెళ్లి గిన్నెలు కాస్త గలగలలాడినా, పిల్లి గూటి మీదికి దూకినా ఆమె ఒళ్లు తన మాట వినదు. బిడ్డను చంకనేసుకుని వీధిలోకి వచ్చేశాకగానీ తాను పరుగెత్తిన సంగతి ఆమెకు తెలియదు. ఆ తర్వాత సిగ్గు. అమ్మ మాత్రం ప్రతిసారీ ఒకటే అడుగుతుంది: "ఇరవై ఏళ్లయిపోనాది గదే, ఇంకా బయమేటే?"

ఈ తల్లీకూతుళ్లు నిజమైన మనుషులు కారు. ఇలాంటి విపత్తుల తర్వాత వైద్యులు తరచుగా చూసే లక్షణాలను కలిపి అల్లుకున్న ఉదాహరణ. కానీ ఆ తల్లి ప్రశ్న మాత్రం నిజమైనది. నరాల శాస్త్రం గత ముప్పై ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నది ఆ ప్రశ్నతోనే.

ఆ ఆదివారం

2004 డిసెంబర్ 26, ఆదివారం. మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాల ప్రాంతంలో సుమాత్రా పశ్చిమ తీరానికి దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం మొదలైంది. "మొదలైంది" అని కావాలనే అంటున్నాను. భూఫలకాల మధ్య చీలిక ఒక్కచోట ఆగలేదు. నిమిషాల పాటు ఉత్తరంగా పాకుతూ, నికోబార్ కిందుగా, అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు సాగింది. అంటే ఈ దీవులకు భూకంపం దూరం నుంచి వచ్చిన కబురు కాదు, కాళ్ల కిందే జరిగిన సంఘటన. పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతంలో నేల దాదాపు ఒక మీటరు కుంగింది. దగ్గర్లోని సిప్పీఘాట్‌లో పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి, అవి మళ్లీ పొలాలు కాలేదు. దక్షిణ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగి, అక్కడి లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. అటు ఉత్తర అండమాన్‌లో మాత్రం తీరం పైకి లేచింది. ఈ దీవుల్లో చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిపి అధికారిక లెక్కల్లోనే మూడున్నర వేలకు దగ్గర.

నేను చదివింది భౌతికశాస్త్రం. నేల కుంగిందంటే కొలుస్తాం, కొత్త మట్టాన్ని రాసుకుంటాం. మనిషి లోపల కుంగినదానికి అలాంటి కొలబద్ద లేదు. అందుకే బయటివాళ్లకు అది "ఇంకా భయమేటే" అన్నట్టుగానే కనిపిస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. విపత్తును చూసిన ప్రతి మనిషీ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భయానక సంఘటనను ఎదుర్కొనేవారు 100కు 70 మంది దాకా ఉంటారు. అలా ఎదుర్కొన్నవారిలో పీటీఎస్‌డీ అనే దీర్ఘకాలిక గాయానంతర రుగ్మత వచ్చేది 100కు ఐదారుగురికే. తొలి వారాల్లో నిద్రపట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం దాదాపు అందరికీ ఉంటాయి. చాలామందికి నెల, రెండు నెలల్లో అవి వాటంతటవే తగ్గుతాయి. తగ్గనివాళ్ల సంగతే మనం మాట్లాడుకుంటున్నది.

బాదం గింజంత కాపలాదారు

మెదడులో చెవుల లోపలి వైపు లోతుగా, అటొకటి ఇటొకటి, బాదం గింజ ఆకారంలో రెండు చిన్న భాగాలుంటాయి. పేరు అమిగ్డాలా. ప్రమాదాన్ని పసిగట్టడం, ఏ గుర్తు తర్వాత ఏ ప్రమాదం వచ్చిందో ముడివేసి దాచుకోవడం దాని పని. దాని పక్కనే హిప్పోకాంపస్ ఉంటుంది. ఒక సంగతి ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, దేని తర్వాత ఏది అని వరసలో పేర్చడంలో దానిది పెద్ద పాత్ర. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఈ రెంటి మాటా విని, "అది లారీ, భూకంపం కాదు" అని అమిగ్డాలాకు సర్దిచెబుతుంది.

ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో నోర్‌అడ్రినలిన్, కార్టిసాల్ వంటి రసాయనాలు మెదడును ముంచెత్తుతాయి. వాటి మధ్య అమిగ్డాలా రాత చాలా ముదురుగా పడుతుంది. హిప్పోకాంపస్ పేర్పు అంత శుభ్రంగా సాగదు. ఫలితంగా, గిన్నెల చప్పుడు అంటే చావు అన్న ముడి గట్టిగా మిగిలిపోతుంది, దాని మీద ఉండాల్సిన తారీఖు ముద్ర మాత్రం మసకబారుతుంది. మామూలు జ్ఞాపకం "అప్పుడు అలా జరిగింది" అంటుంది. గాయపడిన జ్ఞాపకం "ఇప్పుడు జరుగుతోంది" అంటుంది. డెలానీపూర్ తల్లి పరుగెత్తేది ఇరవై ఏళ్ల కిందటి భూకంపం గుర్తొచ్చి కాదు. ఆమె మెదడు లెక్క ప్రకారం భూకంపం ఇప్పుడే వచ్చింది.

భయంతో నోట మాట రాలేదని మనం అంటాం కదా. 1996లో అమెరికాలో స్కాట్ రాచ్ బృందం పీటీఎస్‌డీ ఉన్న ఎనిమిది మందికి వారి వారి అనుభవాలనే చదివి వినిపిస్తూ మెదడును స్కాన్ చేసింది. అమిగ్డాలా పరిసరాల్లో రక్తప్రసరణ పెరిగింది. మాటను కూర్చే బ్రోకా ప్రాంతంలో తగ్గింది. ఎనిమిది మందితో చేసిన పరీక్ష కాబట్టి దాని మీద మేడలు కట్టకూడదు. అయినా గాయం గురించి "అంతా చెప్పెయ్, పోతుంది" అనే సలహా ఎందుకు అంత సులువుగా పనిచేయదో అది కొంత సూచిస్తుంది.

పదో రోజున మొలిచేవి

ఈ విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే ప్రయోగాలు మన దేశంలోనే, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో జరిగాయి. శాస్త్రవేత్త సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా బంధించి ఉంచింది. ఆ తర్వాత మెదడు కణాలను సూక్ష్మదర్శిని కింద చూసింది. హిప్పోకాంపస్‌లోని కణాల కొమ్మలు కురచబారాయి. అదే ఒత్తిడికి అమిగ్డాలాలోని కణాల కొమ్మలు గుబురుగా పెరిగాయి. ఒకే దెబ్బకు ఒకచోట కుంగుడు, మరొకచోట పెంపు. అండమాన్ నేలకు జరిగినట్టే.

తర్వాత ఎలుకలకు 21 రోజుల విశ్రాంతి ఇచ్చారు. హిప్పోకాంపస్ తేరుకుంది. అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎలుకల బెదురు కూడా తగ్గలేదు.

2005లో ఇదే బృందం ఇంకో ప్రశ్న వేసింది. ఒత్తిడి ఒక్కసారే, రెండు గంటలే ఉంటే? మర్నాడు చూస్తే అమిగ్డాలాలో ఏ మార్పూ లేదు. పదో రోజున చూస్తే కణాల కొమ్మల మీద కొత్త మొలకలు కనిపించాయి. ఒక కణం మరో కణంతో చేతులు కలిపే చోట్లు అవి. వాటితోపాటు ఎలుకల్లో బెదురూ పెరిగింది. ఒక్క ఉదయం జరిగిన ఘటనకు మెదడు పది రోజుల తర్వాత ఆకారం మార్చుకుందన్నమాట.

ఎలుక మనిషి కాదు. కానీ విపత్తు జరిగిన మొదటి వారం బాగానే ఉన్న మనిషి ఆ తర్వాత కుప్పకూలితే, "అప్పుడు లేనిది ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది, నటనా?" అని అనుమానించేవారికి ఈ ప్రయోగం చెప్పాలనిపిస్తుంది.

భయం చెరిగిపోదు, దాని పక్కన ఇంకొకటి రాసుకుంటుంది

చికిత్స సంగతి పావ్‌లోవ్ కుక్కల దగ్గర మొదలుపెట్టాలి. గంట మోగాక అన్నం వస్తుందని నేర్చుకున్న కుక్క, గంట మోగినా అన్నం రాకపోవడం పదేపదే చూస్తే చొంగ కార్చడం మానేస్తుంది. భయానికీ ఇదే సూత్రం. గిన్నెలు చప్పుడైనా ఏమీ కాలేదు, మళ్లీ చప్పుడైనా ఏమీ కాలేదు అని మెదడు క్రమంగా నేర్చుకుంటే ఉలికిపాటు తగ్గుతుంది. పీటీఎస్‌డీకి వాడే ఎక్స్‌పోజర్ చికిత్సకు పునాది ఇదే. దాన్ని తీర్చిదిద్దినవారిలో ఎడ్నా ఫోవా పేరు ముఖ్యం. రోగి సురక్షితమైన గదిలో కూర్చుని, శిక్షణ పొందిన చికిత్సకుల సమక్షంలో ఆ ఉదయాన్ని మొదటి నుంచి చివరి దాకా పదేపదే చెబుతుంది. తప్పించుకుంటున్న చోట్లకు కొద్దికొద్దిగా తిరిగి వెళ్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఈ వ్యాసమంతా దాని మీదే ఆధారపడింది. పాత భయం చెరిగిపోదు. దాని పక్కన "ఇప్పుడు ఫర్వాలేదు" అనే కొత్త పాఠం రాసుకుంటుంది. ఎప్పుడు ఏది పైకి రావాలో ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చూసుకుంటుంది. 2002లో మొహమ్మద్ మిలాద్, గ్రెగరీ క్వర్క్ ఎలుకల్లో ఆ భాగంలోని కొన్ని కణాలు ఈ కొత్త పాఠాన్ని గుర్తుచేసుకునేటప్పుడే చురుగ్గా పనిచేయడం చూపించారు. అయితే రెంటికీ బలం సమానం కాదు. పాత భయం ఊళ్లన్నీ తిరుగుతుంది. కొత్త పాఠం నేర్చుకున్న చోటునే పట్టుకుని ఉంటుంది. ఒక గదిలో భయం పోగొట్టిన ఎలుకను వేరే గదిలో పెడితే భయం తిరిగొస్తుంది. కాలం గడిచినా తిరిగొస్తుంది. అసలు ప్రమాదం ఒక్కసారి మళ్లీ తగిలినా తిరిగొస్తుంది. మార్క్ బౌటన్ వంటివారు దశాబ్దాల పాటు పరీక్షించి తేల్చిన విషయం ఇది. పీటీఎస్‌డీ తగ్గినవాళ్లకు మళ్లీ ఎందుకు వస్తుందో, స్థలానికీ పరిసరాలకూ అంత విలువ ఎందుకో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి పాత రాతను నేరుగా సవరించలేమా? 2000లో కరీం నాదర్, జోసెఫ్ లెడూ బృందం ఎలుకల్లో దీన్ని ప్రయత్నించింది. గుర్తుకు తెచ్చుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుందనీ, మళ్లీ గట్టిపడటానికి కొత్త ప్రోటీన్లు కావాలనీ, ఆ సమయంలో అమిగ్డాలాలో వాటిని అడ్డుకుంటే భయం తిరిగి నిలవదనీ చూపించింది. వాళ్లు వాడిన మందు మనుషులకు ఇచ్చేది కాదు. మనుషుల్లో వేరే మందులతో చేసిన ప్రయత్నాల ఫలితాలు ఒకలా లేవు. దారి ఆసక్తికరమైనదే, ఇంకా ఆస్పత్రి దాకా చేరలేదు.

కళ్లు అటూ ఇటూ కదిపితే

"మెదడు ఆధారిత" చికిత్స అనగానే ఇవాళ ఎక్కువగా వినిపించే పేరు ఈఎండీఆర్. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షపీరో 1987లో పార్కులో నడుస్తుండగా తన కళ్లు అటూ ఇటూ కదులుతున్నప్పుడు మనసును తొలుస్తున్న ఆలోచనల పదును తగ్గినట్టు గమనించింది. 1989లో తొలి అధ్యయనం ప్రచురించింది. అప్పట్లో చాలామంది నవ్వారు. నిజం చెప్పాలంటే, ఎమ్మెస్సీ రోజుల్లో దీని గురించి మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

పద్ధతి ఇది. ముందు రోగి చరిత్రంతా తెలుసుకుంటారు. భయం ముంచెత్తితే తేరుకోవడానికి ఊపిరి పట్లు, మనసుకు హాయినిచ్చే ఒక చోటును ఊహించుకోవడం వంటివి నేర్పుతారు. ఈ సన్నాహం ఒకటి రెండు సెషన్లు పట్టవచ్చు. తర్వాత అన్నిటికంటే బాధపెట్టే ఒక్క దృశ్యాన్ని ఎంచుకోమంటారు. దాంతోపాటు తన గురించి తనకున్న చెడు నమ్మకాన్ని చెప్పమంటారు. మన ఉదాహరణలో అది "నేను చెల్లెలి చెయ్యి వదిలేశాను, తప్పు నాదే" కావచ్చు. బాధ ఎంతో 0 నుంచి 10 దాకా అంకె చెప్పాలి.

"ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకోండమ్మా. ఇప్పుడు నా వేలినే చూస్తూ ఉండండి." వేలు అటూ ఇటూ కదులుతుంది, ఓ అర నిమిషం. "ఊపిరి తీసుకోండి. ఇప్పుడేం వస్తోంది?" ఏది వస్తే అది: చిత్రం, వాసన, ఛాతీలో బరువు. మళ్లీ వేలు కదులుతుంది. ఇలా గంట, గంటన్నర. అంకె 9 నుంచి 7కు, 4కు దిగుతూ వస్తుంది. కొన్నిసార్లు దిగే ముందు ఎక్కుతుంది కూడా. మొత్తం మీద సాధారణంగా 8 నుంచి 12 సెషన్లు.

ఇది ఎందుకు పనిచేస్తుంది? ఎక్కువ ఆధారాలున్న వివరణ చాలా మామూలుది. మన మనసులో ఒకేసారి పట్టి ఉంచగలిగే చోటు చాలా తక్కువ, చిన్న పీట మీద చోటులాగా. జ్ఞాపకాన్ని ఆ పీట మీద పెట్టి, అదే సమయంలో కదిలే వేలిని కూడా గమనించమంటే రెండూ చోటు కోసం తోసుకుంటాయి. జ్ఞాపకం వెలిసిన రంగుల్లో, తక్కువ పదునుతో నిలుస్తుంది. తిరిగి దాచుకునేటప్పుడు మెదడు ఆ వెలిసిన రూపాన్నే దాచుకుంటుంది. వేలికి బదులు లెక్కలు చేయించినా ప్రయోగశాలలో ఇలాంటి ఫలితమే కనిపించింది. బ్రిటన్‌లో ఎమిలీ హోమ్స్ బృందం ఇదే ఆలోచనను రోడ్డు ప్రమాదాల బాధితుల మీద పరీక్షించింది. ప్రమాదం జరిగి ఆరు గంటలు దాటకముందే, ఎమర్జెన్సీ వార్డులో కూర్చున్నవారిని ఆ సంఘటనను గుర్తుచేసుకోమని చెప్పి, టెట్రిస్ అనే ముక్కలు పేర్చే వీడియో గేమ్ ఆడించింది. 71 మందితో జరిగిన ఈ పరీక్షలో, ఆట ఆడినవారికి మొదటి వారంలో చొరబడే జ్ఞాపకాలు 62 శాతం తక్కువ. బొమ్మల ఆట బొమ్మల జ్ఞాపకంతోనే పోటీ పడుతుందన్నది వాళ్ల వాదన.

2019లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఇంకో సంగతి ప్రచురించారు. భయం పోగొట్టే శిక్షణ ఇస్తూ ఎలుకలకు వెలుగును ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చి మార్చి చూపిస్తే భయం బాగా తగ్గింది, తిరిగి రావడం కూడా తగ్గింది. చూపును నడిపించే సుపీరియర్ కొలిక్యులస్ నుంచి థాలమస్ మీదుగా అమిగ్డాలాను శాంతింపజేసే దారిని కూడా వాళ్లు గుర్తించారు. నా నవ్వు అప్పుడు ఆగింది.

అయినా తగువు తీరిపోలేదు. 2001లో 34 అధ్యయనాలను కలిపి చూసిన డేవిడ్‌సన్, పార్కర్ కళ్ల కదలిక వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదన్నారు. 2013లో 26 అధ్యయనాలను చూసిన లీ, కైపర్స్ కొంత ఉందన్నారు. ఏదేమైనా, చికిత్స మొత్తంగా పనిచేస్తుందన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి సూచించిన మానసిక చికిత్సల్లో ట్రామాపై దృష్టి పెట్టే సీబీటీతోపాటు ఈఎండీఆర్ కూడా ఉంది. వీడియోలు చూసి ఇంట్లో వేలు ఊపుకునే పని మాత్రం వద్దు. జ్ఞాపకాన్ని లేపడం తేలిక. లేచినదాన్ని పడుకోబెట్టడానికే శిక్షణ కావాలి.

రెండు శిబిరాలు, రెండు అంకెలు

ఇప్పుడు మళ్లీ అండమాన్‌కు వద్దాం. సునామీ తర్వాతి తొలి నెలల్లో బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక వైద్యులు ఈ దీవుల్లో పనిచేశారు. అప్పుడు 74 సహాయ శిబిరాల్లో 12,784 మంది తలదాచుకుని ఉన్నారు. వారిలో 4,684 మంది చుట్టుపక్కల దీవుల నుంచి తరలించి పోర్ట్‌బ్లెయిర్‌కు తెచ్చినవారు. మిగిలిన 8,100 మంది కార్ నికోబార్‌లో, తమ సొంత దీవిలోనే శిబిరాల్లో ఉన్నారు. డాక్టర్ సురేశ్ బడా మఠ్, ఆయన సహచరులు ఈ రెండు గుంపులనూ పోల్చి 2008లో ఫలితాలు ప్రచురించారు.

కార్ నికోబార్ తక్కువ దెబ్బతిన్న చోటు కాదు. తీరం వెంట ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. కళ్లెదుట శిథిలాలు, చుట్టూ అదే సముద్రం. పోర్ట్‌బ్లెయిర్‌లో పెద్దాస్పత్రి ఉంది, ప్రభుత్వ యంత్రాంగం ఉంది. మీరైతే ఎవరి మానసిక ఆరోగ్యం మెరుగ్గా ఉంటుందని పందెం కాస్తారు?

మానసిక సమస్యలు కనిపించింది పోర్ట్‌బ్లెయిర్‌కు తరలించినవారిలో 5.2 శాతం మందికి. సొంత దీవిలో ఉన్నవారిలో 2.8 శాతం మందికే. తరలించినవారిలో తీవ్రమైన భయం పోట్లు, ఆందోళన, కారణం దొరకని ఒంటి నొప్పులు ఎక్కువ. కుంగుబాటు, పీటీఎస్‌డీ మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. తేరుకోవడానికి తోడ్పడినవిగా ఆ వైద్యులు రాసినవి కుటుంబం, కలిసికట్టుగా ఉన్న సమాజం, ఊరి పెద్దల చొరవ, దైవ విశ్వాసం. నికోబారీల్లో తుహెత్ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఉంది. భూమి, కొబ్బరి తోటలు, పందులు, నిర్ణయాలు అన్నీ తుహెత్‌వే. శిబిరంలో కూడా ఆ అల్లిక చెదరకుండా నిలిచింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇది చీటీ వేసి సగం మందిని అటు, సగం మందిని ఇటు పంపిన ప్రయోగం కాదు. తరలించిన వారి నష్టాలు, వారి నేపథ్యం వేరు. తొలి నెలల్లో తీసిన లెక్క కాబట్టి ఆ తర్వాత ఏమైందో ఇది చెప్పదు. అయినా బౌటన్ ఎలుకల గదులను, ఈ రెండు శిబిరాలను పక్కపక్కన పెట్టి చూడకుండా నేను ఉండలేకపోతున్నాను. "ఇప్పుడు ఫర్వాలేదు" అనే పాఠం చోటును పట్టుకుని ఉంటుందని ప్రయోగశాల అంటోంది. తెలిసిన మొహాలు, తెలిసిన భాష, తెలిసిన పని ఆ పాఠానికి దొరికిన చోటులో భయం పోట్లు తక్కువని శిబిరాలు అంటున్నాయి. నిమ్‌హాన్స్ బృందం కూడా వైద్యుల గదికే పరిమితం కాలేదు. ఉపాధ్యాయులకు, ఊళ్లలో పనిచేసేవారికి తొలి ఆదరణ ఎలా అందించాలో నేర్పింది. 1999 ఒడిశా పెనుతుపాను, 2001 గుజరాత్ భూకంపం తర్వాత మన దేశంలో రూపుదిద్దుకున్న పద్ధతి అది.

మెదడు మారడానికి ఎలక్ట్రోడ్లే అక్కర్లేదు. చికిత్స గది ఎంత "మెదడు ఆధారితమో", పక్కింటి అత్తయ్య తెచ్చిచ్చే గ్లాసుడు టీ కూడా అంతే.

తలుపు మీది బోర్డు

ఆ మాట ఎందుకన్నానంటే, ఈమధ్య నగరాల్లో "బ్రెయిన్", "న్యూరో" అన్న పదాలు లేని మానసిక చికిత్స బోర్డు కనిపించడం లేదు. రంగురంగుల మెదడు పటం చేతిలో పెట్టి, ఇదిగో మీ ట్రామా ఇక్కడుంది అని వేలితో చూపేవారున్నారు. ఇవాళ ఏ స్కానూ ఒక వ్యక్తికి పీటీఎస్‌డీ ఉందో లేదో తేల్చదు. ప్రశ్నలడిగి, ఓపికగా విని తేల్చాల్సిందే. మెదడు తరంగాలను తెర మీద చూపుతూ శిక్షణ ఇచ్చే న్యూరోఫీడ్‌బ్యాక్ మీద పరిశోధన సాగుతోంది, కానీ ముందు ప్రయత్నించాల్సిన చికిత్స అది కాదు. తలపై అయస్కాంత తరంగాలు పంపే టీఎంఎస్‌కు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది కుంగుబాటు కోసం, గాయానంతర రుగ్మత కోసం కాదు. డబ్బు కట్టే ముందు ఆ చికిత్సకులు క్లినికల్ సైకాలజిస్టో సైకియాట్రిస్టో అవునా, ఈ పద్ధతిలో ఎక్కడ శిక్షణ పొందారు, ఎన్ని సెషన్లలో మార్పు కనిపించాలి, కనిపించకపోతే ఏం చేస్తారు అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

విపత్తు జరిగిన కొత్తలో చేయకూడనివి కూడా ఉన్నాయి. అందరినీ కూర్చోబెట్టి ఒక్క పూటలో దుఃఖమంతా కక్కించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. అది పీటీఎస్‌డీని ఆపదని పరీక్షల్లో తేలింది. మొదటి నెలలో గాయం తాలూకు ఆందోళన తగ్గించడానికి బెంజోడయాజపీన్ రకం నిద్రమాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

నేల నిజంగానే కంపించే చోట

డెలానీపూర్ తల్లి విషయంలో ఒక చిక్కు మిగిలింది. కారు ప్రమాదం నుంచి బయటపడిన మనిషికి "ఇప్పుడు ఫర్వాలేదు" అని చెప్పడం సులువు. అండమాన్ మన దేశ భూకంప పటంలో అత్యధిక ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది. అక్కడ గిన్నెలు కొన్నిసార్లు నిజంగానే భూకంపానికే చప్పుడు చేస్తాయి. భయాన్ని పూర్తిగా తీసేస్తే అది చికిత్స కాదు, ప్రమాదం.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమాత్రా పక్కన సముద్రంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది, రెండు గంటల తర్వాత 8.2తో మరొకటి. సునామీ హెచ్చరికలు జారీ అయ్యాయి. 2004 నుంచి మోసుకొస్తున్నవారికి ఆ మధ్యాహ్నం ఎలా గడిచి ఉంటుందో ఊహించవచ్చు. ఎలుకల ప్రయోగంలో "అసలు ప్రమాదం ఒక్కసారి మళ్లీ తగలడం" అంటే ఇదే. అయితే పెద్ద అలలు రాలేదు. 2004లో ఒక ఫలకం మరోదాని మీదికి ఎగదన్ని సముద్రపు అడుగును నిలువునా లేపింది, దాంతో పైనున్న నీరంతా లేచింది. 2012లో ఫలకాలు పక్కపక్కకు జారాయి. బకెట్ అడుగును పైకి గుద్దడానికీ, బకెట్‌ను నేల మీద కాస్త పక్కకు జరపడానికీ ఉన్న తేడా.

ఈ తేడాను నిమిషాల్లో పసిగట్టే పని ఇప్పుడు హైదరాబాద్‌లో జరుగుతోంది. అక్కడి ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబర్ నుంచి సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. భూకంప మాపకాలు, సముద్రపు అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలు, తీరంలోని అలల గేజీలు దానికి సమాచారం పంపుతుంటాయి. దీన్ని ఇంజినీరింగ్ వ్యవస్థగానే చూస్తాం. భయపడిన మెదడుకు అది ఇంకో పని కూడా చేస్తుంది. 2004లో కబురు చెప్పే నాథుడు లేడు, గిన్నెల చప్పుడు ఒక్కటే హెచ్చరిక. ఇప్పుడు వేరే హెచ్చరిక ఉంది.

అందుకే ఇలాంటి చోట మంచి చికిత్సకులు భయాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడరు, దానికి వివేచన నేర్పుతారు. గిన్నెలు చప్పుడైతే ముందు పాదాల కింద నేల తెలుసుకోవాలి. వేలాడే ఫ్యాను ఊగుతోందా, లారీ వెళ్లిందా చూడాలి. నిజంగానే కంపిస్తుంటే బల్ల కిందికి దూరాలి. ఆగాక, చాలాసేపు కంపించిందనిపిస్తే హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా పిల్లలతో ఎత్తయిన చోటికి నడవాలి. ఏదీ కాకపోతే పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లాలి. ఈ కొన్ని క్షణాల విరామాన్నే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అమిగ్డాలా నుంచి అడిగి తీసుకుంటుంది. మొదట్లో చికిత్సకులు పక్కన ఉండగా, తర్వాత ఇంట్లో అమ్మ పక్కన ఉండగా, ఆ తర్వాత ఒంటరిగా సాధన చేయాలి. ఒక్క గదిలో నేర్చుకుంటే చాలదని ఎలుకలు ముందే చెప్పాయి కదా.

అమ్మ చేయగల పని కూడా ఉంది. "ఇంకా బయమేటే" అనే బదులు, కూతురు వీధిలోకి పరుగెత్తినప్పుడు వెనకే వెళ్లి, పేరు పెట్టి పిలిచి, "లారీయే వెళ్లిందమ్మా, సూడు" అంటే చాలు. జరిగిందంతా చెప్పమని బలవంతం చేయనక్కర్లేదు. చెబితే వినాలి. నిద్ర, తిండి, పని దెబ్బతిని నెల దాటినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకూడదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. డెలానీపూర్ నుంచి చేసినా, శ్రీకాకుళం నుంచి చేసినా నంబరు అదే.